చిల్లు పెట్టిన పాలకుండ

(భోజనాల గది. బల్ల పైన ఐదు పాత మట్టికుండలు బోర్లా వేలాడుతున్నాయి, ఒక్కోదాని లోపల ఒక్కో బల్బు. వదిన కుర్చీ మీద నిలబడి వైరు సరిచేస్తోంది. ఆడపడుచు భుజాన సంచీ ఇంకా దించలేదు.)

"దింపమన్నానా వదినా? ముందు నువ్వు కుర్చీ దిగు, తర్వాత వాటిని దింపు. నీవల్ల కాకపోతే చెప్పు, నేనెక్కుతాను."

"గొంతు తగ్గించు బుల్లీ. అత్తయ్య లోపల పడుకున్నారు."

"లేవనీ. లేచొచ్చి చూడనీ, తన కుండల్ని ఎలా ఉరేశావో."

"ఉరెయ్యడమేంటి, దీపాలవి. ఇంకో గంటలో ఒకావిడ చూడ్డానికి వస్తోంది. కొత్తిల్లు కట్టుకున్నారు, వాళ్ళ భోజనాల గదికి ఇలాంటివే కావాలట. నువ్వు తర్వాత ఎంతైనా తిట్టుకో, ఈ గంట మాత్రం నన్నొదిలెయ్."

"అది పాలకుండ."

"ఏది?"

"ఏదేంటి, మధ్యలో పెద్దది. పక్కన పెరుగు కుండ. ఆ చివర వెడల్పుగా ఉన్నది కూర దాక. నీకు పేర్లు కూడా తెలీవు కదూ? నీకవి చిన్నది, పెద్దది, ఎర్రది, నల్లది."

"తెలుసు. ఆరేళ్ళు అటక మీదున్నప్పుడు దుమ్ము దులిపింది నేనే. అప్పుడు నీకు గుర్తురాలేదు, ఏది పాలకుండో ఏది కూర దాకో."

"మాట తిప్పకు. తాళ్ళు విప్పి నాకిచ్చెయ్. కింద ఆటో ఉంది."

"ఆటో పంపించెయ్."

"ఎందుకూ?"

"పంపించెయ్ అంటున్నాను కదా. ఆ సంచీ దించి కూర్చో. కాఫీ పెట్టనా?"

"నాకు కాఫీ వద్దు. కుండలు కావాలి. అమ్మ ఇస్తానంది, పోయిన నెల ఫోన్లో తనే అంది. పట్టుకుపో, నీకు తప్ప ఇంకెవరికి పనికొస్తాయి అని. అన్నయ్య కూడా విన్నాడు, అడుగు."

"విన్నాడులే."

"మరి? విప్పు."

"విప్పినా లాభం లేదు బుల్లీ. వైరు అడుగునుంచి వస్తోంది."

"అడుగు నుంచి అంటే?"

"ఆ స్క్రూడ్రైవరు ఇలా అందుకో ముందు."

"వదినా, నిన్నే. అడుగుకి చిల్లు పెట్టావా?"

"చిల్లు లేకుండా వైరు గాల్లోంచి వస్తుందా?"

"ఐదింటికీనా?"

"ఐదింటికీ."

"దేవుడా. నేనింకా తాళ్ళతో కట్టారేమో, విప్పి పట్టుకుపోదామనుకుంటున్నాను. నీకు చేతులెలా వచ్చాయి? చిల్లు పెట్టిన కుండలో ఏం కాస్తాను, చెప్పు. గాలి కాస్తానా?"

"వార్నిషు కూడా వేశాం. అది కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను, మళ్ళీ విడిగా తిట్టడం ఎందుకు."

"వేళాకోళమా?"

"కాదు. మసి చేతికంటకుండా పైన ఒక్క పూత. మసి మాత్రం తియ్యలేదు. తియ్యకూడదు కూడా. అందరూ అదే అడుగుతున్నారు ఇప్పుడు, నిజంగా పొయ్యి మీద కాలిన కుండ కావాలి, కొత్తదానికి రంగేసింది వద్దు అని. ఆ నలుపు మనం తెప్పిస్తే వచ్చేది కాదు."

"అవును, నువ్వు తెప్పిస్తే రాదు. పాలు పొంగించకుండా ఒక్కరోజైనా కాచావా ఈ ఇంట్లో? ఆ నలుపు అమ్మ ఊదిన పొగ. ఆవిడ కళ్ళు మండితే వచ్చిన నలుపు. దాన్ని నీ చుట్టాలొచ్చి తలెత్తి చూసి, ఎంత ముద్దుగా ఉందో అంటారు. నువ్వు కింద కూర్చుని నవ్వుతావు."

"నవ్వుతాను. నా పని అది. ఇళ్ళు అందంగా చేసి పెట్టడం నా పని. నీలా నాకూ ఒక పని ఉంది. నేనైతే రోజూ వెళ్తున్నాను నా పనికి."

"అంటే?"

"ఏం లేదు."

"ఏం లేదు కాదు, అను. సగం అని ఆపకు. నేను పనికి వెళ్ళడం లేదు, అదేగా?"

"మూడు వారాలైంది బుల్లీ."

"సెలవు పెట్టాను. నాకు సెలవులున్నాయి."

"ఆదివారంతో అయిపోతాయి కదా. మీ ల్యాబు పెద్దాయన ఫోన్ చేశాడు."

"ఎవరికి? నీకా?"

"ఇంటికి చేశాడు. అత్తయ్య తీశారు."

"నా ఫోన్ ఎత్తకపోతే మా అమ్మకి చేస్తాడా? నేనేమన్నా బడిపిల్లనా? ఏమన్నాడు?"

"పావుగంట మాట్లాడాడట. మీ అమ్మాయంత శుభ్రంగా రక్తం తీసేవాళ్ళు నా దగ్గర ఇంకెవరూ లేరమ్మా, సోమవారం రమ్మనండి, రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకర్ని పెట్టక తప్పదు అన్నాడట. మర్యాదగానే చెప్పాడట."

"మర్యాద. ఆ రోజు అందరి ముందూ రెండు సీసాలు పట్టుకుని, ఈ రెండు చీటీలూ ఎవరంటించారు అని అడిగినప్పుడు లేదు ఆ మర్యాద."

"అడగడా మరి? ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళ పేరు మీద వెళ్ళింది."

"నాకు తెలీదా? నువ్వు చెప్పాలా నాకు? ఆ ముసలాయనకి లేని రోగానికి రెండు రోజులు మందెక్కించారు. ఆయన కూతురు నా దగ్గరికి వచ్చి నిలబడింది, తిట్టలేదు కూడా. మా నాన్న చేతులు వణుకుతున్నాయండీ, ఈసారి కొంచెం చూసి తియ్యండి అంది. అంతే అంది. నాకు అప్పట్నుంచీ చీటీ చూస్తే అక్షరాలు నిలబడ్డం లేదు వదినా. మూడుసార్లు చదువుతాను, నాలుగోసారి వేరే పేరులా కనిపిస్తుంది."

"ఆయనకేం కాలేదు కదా. రెండో రోజే డాక్టరు పట్టుకున్నాడు. నువ్వే చెప్పావు."

"డాక్టరు పట్టుకున్నాడు. నేను పట్టుకోలేదు."

"బుల్లీ—"

"నా మీద జాలి పడకు. నీ జాలి నాకొద్దు. నాకు కుండలు కావాలి. కుండలో తప్పు జరిగితే ఉప్పెక్కువవుతుంది, అంతే. ఎవరికీ సూది గుచ్చరు."

"అందుకని ఉద్యోగం మానేస్తావా?"

"మానేస్తాను. కాగితం రాసి సంచీలో పెట్టుకునే వచ్చాను. ఇక్కణ్ణించి కుండలు తీసుకుని, దారిలో ఆ కాగితం ఇచ్చేసి, ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించుకుందామని. తొమ్మిది ఇళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు, మధ్యాహ్నం భోజనం నేనే పంపాలి. మట్టికుండల్లో వంట అని కాగితాలు కూడా అచ్చు వేయించాను. వాళ్ళకి ఏం చెప్పను? కుండలు దీపాలయ్యాయి, కాస్త వెలుతురు పంపిస్తాను, అన్నంలో కలుపుకోండి అని చెప్పనా?"

"కొత్త కుండలు కొనుక్కో. బజార్లో బోలెడు."

"నీకు చెప్తే అర్థం కాదు. రెండు కొన్నాను. ఒకటి మొదటి రోజే బీట వేసింది. రెండోదాంట్లో ఏం వండినా మట్టి వాసన. కుండ వాడగా వాడగా పదునెక్కాలి. అమ్మవి ముప్పై ఎనిమిదేళ్ళు పదునెక్కిన కుండలు. ఆ పెరుగు కుండలో పాలు పోస్తే వాటంతటవే తోడుకునేవి. దానికి నువ్వు ఏ మిషనుతో చిల్లు పెట్టావు?"

"డ్రిల్లుతో."

"పగల్లేదే. ఒక్కటైనా పగిలితే బుద్ధొచ్చేది."

"పగలవు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, చిల్లు పెట్టే చోట టేపంటించాలి, మెల్లిగా తిప్పాలి. అలా చేస్తే బీట రాదు."

"బాగా నేర్చుకున్నావు."

"నేర్పారు."

"ఎవరూ, వైరు బిగించిన ఎలక్ట్రీషియనా? వాడెవడో చెప్పు, వాడి సంగతీ చూస్తాను."

"వాడికేం తెలుసు. వాడు పొడి కుండకే పెట్టబోయాడు."

"మరి?"

"ఇప్పుడెందుకే అవన్నీ. అయిపోయింది కదా. నన్ను తిట్టావు, నేను పడ్డాను. ఇంకా రెండు తిట్టి వెళ్ళు."

"తిట్టడానికి రాలేదు నేను. అమ్మ ఇస్తానన్న వస్తువు నాకు చెప్పకుండా ఎలా తీశావో అడుగుతున్నాను. అమ్మనైనా అడిగావా, అదీ లేదా? ఆవిడ మెత్తగా ఉంటుంది కదా అని, అటక మీదున్నవన్నీ నీవే అనుకున్నావా? పెళ్ళై వచ్చిన కొత్తలో అమ్మ చీరల పెట్టె కూడా ఇలాగే తీసి కర్టెన్లు కుట్టించావు."

"అవి చిరిగినవి. ఆవిడే ఇచ్చారు."

"అన్నీ ఆవిడే ఇస్తుంది. నువ్వు అడగవు, ఆవిడే ఇస్తుంది. ఎంత కలిసొచ్చిన అత్తగారమ్మా నీకు. రేపు ఆవిడ ఎముకలు కూడా ఆవిడే ఇచ్చిందని గోడకి తగిలిస్తావు."

"బుల్లీ, చాలు."

"చాలదు."

"చాలు అన్నాను. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఏం విరిగినా నేనే విరగ్గొట్టాను, ఏది మాయమైనా నేనే దాచాను. పడ్డాను. ఇది మాత్రం పడను. ఆవిడ చెప్పొద్దన్నారు, మాటిచ్చాను, అయినా సరే. చిల్లు పెట్టమన్నది అత్తయ్య."

"అబద్ధం."

"నేను అటక మీంచి దింపింది ఒక్క కూర దాకే. అది కూడా అలాగే గూట్లో పెట్టుకుందామని, పువ్వులు పెట్టి. అత్తయ్య వచ్చి చూశారు. మిగతావి కూడా దింపించమన్నారు. వీటిని ఏం చేస్తే మళ్ళీ వంటకి పనికిరావు అని అడిగారు నన్ను."

"అబద్ధమాడుతున్నావు."

"మొక్కలు పెట్టచ్చండీ అన్నాను. మట్టి దులిపేసి కడిగితే మళ్ళీ కుండే కదా అన్నారు. దీపాలైతే చిల్లు పెట్టాలి అన్నాను. అయితే దీపాలే చెయ్యి అన్నారు. నానబెట్టింది ఆవిడే. టేపంటించింది ఆవిడే. ఎలక్ట్రీషియను వద్దంటున్నా వినకుండా ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నారు, కదలకుండా. ముందు పాలకుండకే పెట్టించారు."

"నా పాలకుండకి."

"నీ పాలకుండకే. నీకు ఇస్తానన్నదానికే ముందు."

"నువ్వు ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"అది బుల్లి అడిగింది కదండీ అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అనచ్చు. అనలేదు."

"ఎందుకు?"

"నిజం చెప్పనా? బావుంటాయనిపించింది. నా కళ్ళ ముందు అప్పటికే వేలాడుతున్నాయి అవి, ఇదిగో ఇలాగే, ఎత్తు తేడాలతో సహా. ఆవిడ ఎందుకు చేస్తున్నారో అడిగితే ఎక్కడ మానేస్తారో అని అడగలేదు. ఈ ఒక్కదానికి తిట్టు నన్ను, పడతాను."

"ఇద్దరూ కలిసి... నాకు తెలుసు ఎందుకు చేసిందో. నాకు తెలుసు. మా ఆయన నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఊరందరికీ వండిస్తున్నాడనుకుంది. ఆయన మొదట్నుంచీ మీ అమ్మ వంట, మీ అమ్మ వంట అంటాడు కదా, అదే నెత్తికెక్కింది ఆవిడకి. తను పడ్డ పాట్లు నేను పడకూడదని. నాన్న, నానమ్మ తనని ఆ పొయ్యికి కట్టేసినట్టు నన్ను కట్టేస్తారని. పెద్ద త్యాగం చేశాననుకుంటోంది లోపల పడుకుని."

"అయి ఉండచ్చు."

"అది కాదు అసలు. ఆయన వద్దన్నాడు. తెలుసా? ఆయన రెండు రాత్రులు నన్ను బతిమాలాడు, ఉద్యోగం వదలకు అని. నేనే వినలేదు. ఇది నా ఆలోచన. నా ఒక్కదాని ఆలోచన. మొదటిసారి నాకోసం నేను ఒకటి కావాలనుకున్నాను, దానికి పోయి అడుగున చిల్లు పెట్టింది. ఉండు నువ్వు. లేపుతాను ఆవిడని."

"లేచే ఉన్నాను."

"అత్తయ్యా, మీరు మళ్ళీ పడుకోండి, నేను చెప్తున్నాను కదా—"

"నువ్వు చెప్పింది చాలమ్మాయ్. కుర్చీ దిగు, పడతావు. ఏమే బుల్లీ, వీధి చివరిదాకా వినిపిస్తోంది."

"వినపడనీ. నువ్వేనా అమ్మా?"

"నేనే."

"నాకు ఇస్తానని చెప్పి."

"చెప్పాను. మీ ల్యాబు పెద్దాయన ఫోన్ రాకముందు చెప్పాను."

"నన్ను ఒక్క మాట అడగక్కర్లేదా?"

"అడిగితే ఇచ్చేదాన్ని. నువ్వు ఏడిస్తే నేనిచ్చేస్తాను, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే అడగలేదు."

"నీకు అసలు విషయం తెలీదమ్మా. ఆయన బలవంతం కాదు ఇది. ఇప్పుడే వదినకి చెప్తున్నాను—"

"విన్నాను. ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"అతను వద్దన్నాడని. నువ్వు వినలేదని. అతనే వచ్చి చెప్పాడు, పోయిన ఆదివారం. ఆ గడప మీద కూర్చుని మీరైనా చెప్పండి అత్తయ్యా అన్నాడు."

"తెలిసి చేశావా? నా కోరిక అని తెలిసీ?"

"నీది కాబట్టే చేశాను. అతని బలవంతమైతే నువ్వే తిప్పికొట్టేదానివి. నాకు చిల్లులు పెట్టాల్సిన పనేముంది? నీ అంతట నువ్వే అనుకున్నావు. ఇంక నిన్ను ఆపేదెవరు?"

"ఎందుకాపాలి? నువ్వు చేసిందే కదా నేను చేస్తానన్నది. నిన్ను కట్టేశారు, నాకు నేనుగా వెళ్తున్నాను. ఆ తేడా కూడా తెలీదా నీకు?"

"నన్ను కట్టేశారని ఎవరన్నారే నీకు?"

"ఎవరనాలి? చిన్నప్పట్నుంచీ చూడలేదా? పొద్దున్నే ఐదింటికి నువ్వు పొయ్యి దగ్గర, రాత్రి పదింటికీ నువ్వు పొయ్యి దగ్గరే. నాన్నకి మట్టికుండలో కాచిన పాలే కావాలి—"

"మీ నాన్న స్టీలు గిన్నెలు రెండుసార్లు తెచ్చాడు. నేనే వాడలేదు. మీ నానమ్మ నన్ను ఉద్యోగానికి పంపమని పోట్లాడింది, ఆవిడ మాట కూడా నేనే వినలేదు. నన్నెవరూ కట్టెయ్యలేదు. నేనే నిలబడ్డాను అక్కడ. నువ్వన్న మాటే నేనూ అనుకున్నాను, ఉప్పెక్కువవుతుంది, అంతే కదా అని."

"ఏ ఉద్యోగం? నువ్వెప్పుడూ చెప్పలేదే."

"ఏముందని చెప్పను. మీ అన్నయ్య పుట్టకముందు సంగతి. గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష. రెండు రోజులు, రెండు పేపర్లు. మొదటి రోజు రాశాను. బయటికొచ్చాక అందరూ జవాబులు చెప్పుకుంటుంటే తెలిసింది, లెక్కల్లో ఒక పేజీ అంతా తప్పు చేశానని. ఒక్క పేజీయే. ఇంటికొచ్చేదాకా ఆ పేజీయే కళ్ళ ముందు. వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి దూరాను. మీ నానమ్మ వాడ్డం మానేసి ఎక్కడో మూలన పెట్టేసిన కుండలుంటే తీసి, అందులో వండాను."

"అమ్మా, నాది అలాంటిది కాదు. నా చేతివల్ల ఒక మనిషికి—"

"నీది నాకంటే పెద్దదే. కాదనను. అయినా పొయ్యి మాత్రం అదే. ఇప్పుడు తిట్టు, ఎంతసేపైనా తిట్టు. సోమవారం వెళ్తావో, ఆ కాగితమే ఇస్తావో నీ ఇష్టం. నా కుండలతో మాత్రం కాదు."

"నేను బాగా వండుతానమ్మా. ఆ తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ తిని చూశారు. ఒక్కళ్ళు కూడా వంక పెట్టలేదు. అందరూ బావుందన్నారు."

"నాకూ అన్నారు. ఆ రాత్రి మీ నాన్న బావుందన్నాడు, మీ నానమ్మ బావుందంది, ఇంటికొచ్చిన చుట్టం రెండోసారి వడ్డించుకున్నాడు. ఒక్కళ్ళయినా బాలేదని ఉంటే, పొద్దున్నే లేచి వెళ్ళి రెండో పేపరు రాసేదాన్ని."